ఫోనులో కనబడిన చేతులు

గిల్‌మోర్ వీధి కంప్యూటర్ దుకాణాల్లో పనిచేసేవాళ్లలో చాలామంది మధ్యాహ్నం నా దగ్గరే తింటారు. రెండు పొడుగు బల్లలు, నాలుగు పెద్ద గిన్నెలు, గోడకు ఒక ఫ్యాను, ఇంతే నా హోటలు. అందరూ గబగబా తినేసి, ఫోను చూసుకుంటూనే మెట్లు దిగిపోతారు. క్రిసాంతో ఒక్కడే తిన్నాక కూడా కూర్చుంటాడు. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చుని, గిన్నెలు తోమే నా వంక చూస్తూ ఉంటాడు. నన్ను చూస్తున్నాడని కాదు. ఎక్కడో ఒకచోట చూడాలి కదా.

ఎదుటి దుకాణంలో అద్దం వెనక అతని పని బల్ల. విడివిడిగా కొనుక్కున్న సామాను జనం అతని ముందు పెట్టి నిలబడతారు. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్, దాని మీద ఫ్యాను, పక్కన ర్యామ్, ఇలా ఒక్కొక్కటే అమర్చి, తీగలన్నీ కలిపి, కంప్యూటర్ చేసి ఇవ్వడం అతని పని. పని చేస్తున్నంతసేపు పెదవులు కదులుతుంటాయి. పాట పాడుకుంటున్నాడని కొత్తవాళ్లు అనుకుంటారు. దూరాన ఉన్న భార్యతో తనలో తను మాట్లాడుకుంటున్నాడని నాకు తెలుసు.

భార్య పేరు మారివిక్. హాంకాంగ్‌లో ఒక ముసలావిడను చూసుకునే పనిలో ఉంది. వెళ్లకముందు వాళ్లిద్దరికీ మారికీనాలో, నది పక్క వీధిలో, సొంత దుకాణం ఉండేది. పెసో బిళ్ల వేస్తే కాసేపు నడిచే కంప్యూటర్లు. అన్నీ క్రిసాంతో చేతులతో చేసినవే. అతను ఇక్కడ పనికి వస్తే ఆమె అక్కడ చూసుకునేది. బడి వదలగానే పిల్లలతో ఆ గది నిండిపోయేదట. సొంత పిల్లల సంగతి ఇల్లు కాస్త కుదురుకున్నాక చూద్దామనుకున్నారు.

ఒక వానాకాలం నది ఇంట్లోకి వచ్చింది. నీళ్లు తీశాక కంప్యూటర్లన్నిటి లోపలా బురదే. ఇద్దరూ వాటిని విప్పి, బోర్డులు కడిగి, స్పిరిట్‌తో తుడిచి, డాబా మీద ఎండబెట్టారు. పక్కన బట్టలు, పరుపులు, వాటి మధ్య ఆకుపచ్చ బోర్డులు. ఒక్కటీ బతకలేదు. ఆ ఏడాది క్రిస్మస్ కాకుండానే మారివిక్ విమానం ఎక్కింది. ఒక ఒప్పందం పూర్తికాగానే వచ్చేస్తానంది. ఒకటి అయింది, రెండోది మొదలైంది.

ఆదివారం ఆమెకు సెలవు. మధ్యాహ్నం దాటాక అతనికీ సెలవే. నా బల్ల మీద నీళ్ల కూజాకు ఫోను ఆనించి మాట్లాడుకునేవాళ్లు. ఏం తిన్నావు, వాన పడుతోందా, అమ్మకు ఒంట్లో ఎలా ఉంది. కాసేపటికి మాటలు అయిపోయేవి. అయినా ఎవరూ ఫోను పెట్టేసేవాళ్లు కాదు. ఇటు అతను, అటు ఆమె, ఊరికే చూసుకుంటూ ఉండేవాళ్లు.

అలాంటి ఒక ఆదివారం మారివిక్ మొహం కనబడగానే వెనక పెద్ద సందడి వినిపించింది.

"ఏమిటా గోల? ఎక్కడున్నావ్?"

"చర్చి హాల్లో. మా పోపో మనవడు కెనడా వెళ్లిపోయాడు. కంప్యూటర్ చేయించుకుందామని కొన్న సామానంతా డబ్బాల్లోనే వదిలేశాడు. ఇంట్లోంచి తీసేయమంది పోపో. నెనెత్, నేనూ మోసుకొచ్చాం. ఇక్కడ అందరం వాడుకుంటాం."

పోపో అంటే ఆమె చూసుకునే ముసలావిడ. నెనెత్ అదే భవనంలో పనిచేసే స్నేహితురాలు.

"మంచిదే. ఏదైనా దుకాణంలో ఇస్తే చేసిపెడతారు."

"మొగుడివి నువ్వుండగా దుకాణమెందుకు? నువ్వు చెప్పు, నేను చేస్తా."

క్రిసాంతో నవ్వాడు. "ఇక్కడున్నప్పుడు నీకు స్క్రూ డ్రైవర్ ఇస్తే కొబ్బరికాయ పీచు తీశావు."

"అప్పుడు నువ్వు ఎదురుగా ఉన్నావు, నేర్చుకోవాల్సిన పనేముంది? నెనెత్, ఫోను పట్టుకో. నా మొహం మీద కాదే, బల్ల మీద పెట్టు."

ఫోను తిరిగింది. బిస్కట్ డబ్బా మీద ఎత్తుగా నిలబెట్టారు కాబోలు, బల్ల, దాని మీద అట్టపెట్టె, పెట్టె మీద మదర్‌బోర్డు కనబడ్డాయి. ఆ తర్వాత ఆమె రెండు చేతులు. క్రిసాంతో ఫోనును కాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"ముందు క్యాబినెట్ ఇనుము ముట్టుకో. ఒంట్లో కరెంటు ఉంటే పోతుంది."

"నా ఒంట్లో కరెంటా? పొద్దున్నించి ఊడ్చి తుడిచి వచ్చాను. అదంతా ఎప్పుడో అయిపోయింది." హాల్లో ఆడవాళ్లు పకపకా నవ్వడం నాకు వంట దగ్గరికి వినబడింది.

"సరే. ఆ చదరం పక్కన చిన్న కడ్డీ ఉంది చూడు. కిందకి నొక్కి, పక్కకి జరిపి, పైకెత్తు. రేకు తెరుచుకుంటుంది. లోపల సన్నటి పిన్నులుంటాయి, వాటి మీద గోరు కూడా తగలకూడదు."

ఆమె కడ్డీ ఎత్తింది. ప్రాసెసర్‌ను అంచుల్లో పట్టుకుని తెచ్చింది.

"మూల మీద బంగారు రంగు త్రికోణం ఉందా? ఆ చదరం, అదే సాకెట్, మూల మీదా అలాంటి గుర్తే ఉంటుంది. రెండూ ఒకే వైపు రావాలి. నొక్కకు. పెట్టి వదిలెయ్యి, అదే కూర్చుంటుంది."

"కూర్చుంది."

"ఇప్పుడు రేకు మూసి కడ్డీ దించు. కరకరమంటుంది, భయపడకు."

కరకరమంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. "విరిగిందా?"

"లేదు. ప్రతిసారీ అలాగే అంటుంది. నాకిప్పటికీ గుండె ఆగినంత పనవుతుంది. ఇంకాస్త నొక్కు."

ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు బియ్యపు గింజంత చాలన్నాడు. ఆమె చిక్కుడు గింజంత పెట్టింది. తుడిపించి మళ్లీ పెట్టించాడు. ఫ్యాను నాలుగు కాళ్లూ ఒకేసారి కాకుండా ఎదురెదురు మూలలుగా నొక్కించాడు. ర్యామ్ గాడి చూసి నిలబెట్టి, రెండు కొసలా బొటనవేళ్లతో టక్కుమనేదాకా నొక్కమన్నాడు. ఆ టక్కు విని నెనెత్ కూడా అయ్యో అంది.

బోర్డు క్యాబినెట్‌లో పడుకుంది. స్క్రూలు బిగించడానికి ఆమె కుడిచెయ్యి ఫోనుకు దగ్గరగా వచ్చింది. నేను అన్నం గిన్నె తీయడానికి వెళ్లి అతని భుజం మీదుగా చూశాను. మణికట్టు నుంచి మోచేతి వైపు, నున్నగా మెరుస్తూ, కాలి మానిన మచ్చ. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలిపోయి ఉంది. మొహం ప్రతి వారం చూస్తున్నాడు గాని, ఆ చేతులు అతను చూసి చాలా కాలమైంది.

ఆ తర్వాత అతని మాటల్లో తేడా వచ్చింది. పెద్ద పవర్ తీగ చెప్పాడు, డిస్కు తీగ చెప్పాడు, ముందు మీటకు వెళ్లే సన్న తీగలు ఏ పిన్నుకు ఏవో చెప్పాడు. చెబుతున్నాడు గాని కళ్లు ఆ మచ్చ మీదే ఉన్నాయి.

"అయిపోయినట్టే. మీట నొక్కు."

ఫ్యాన్లు తిరిగాయి. హాలంతా చప్పట్లు కొట్టింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. ఎంతసేపు చూసినా నల్లగానే ఉంది.

"నేనేం పాడుచేశాను?" అంది మారివిక్, గొంతు తగ్గించి.

క్రిసాంతో రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "నువ్వు కాదు. తప్పు నాది. ప్రాసెసర్‌కి విడిగా ఒక పవర్ తీగ పెట్టాలి. చెప్పడం మర్చిపోయాను. ముందు కరెంటు తీసెయ్యి. బోర్డు పై అంచున, ఎడమ మూల, ఫ్యాను వెనక చూడు."

"రోజూ చేసే పని, మర్చిపోయావా?"

"మర్చిపోయాను."

ఆమె తీగను వెతికి పట్టుకుని, ఇరుకులో వేళ్లు దూర్చి గుచ్చింది. మళ్లీ మీట నొక్కింది. ఈసారి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. డిస్కులో ఏమీ లేదని చెబుతున్నాయి. ఏదో చెడిపోయిందని నెనెత్ మొత్తుకుంది.

"చెడిపోలేదు. ప్రాణం వచ్చింది. ఖాళీ డిస్కుకి చదువు వచ్చే వారం చెప్పిద్దాం," అన్నాడు క్రిసాంతో.

అటు ఆడవాళ్లు ఆమెను పట్టుకుని ఊపేశారు. కాసేపటికి ఆమె ఫోను చేతిలోకి తీసుకుని వరండాలోకి వచ్చింది. చెమట పట్టిన మొహం, నవ్వు.

"చెయ్యి ఎప్పుడు కాలింది?" అని అడిగాడు.

నవ్వు ఆగింది. "పాతది. సూపు గిన్నె ఒలికింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవాడివి క్రిస్? ఊదేవాడివా?"

ఆ రోజు అతను తిన్న పళ్లెం అలాగే వదిలేసి వెళ్లిపోయాడు. ఎప్పుడూ అలా చెయ్యడు.

ఆ తర్వాత ఆదివారాలు మారిపోయాయి. హాల్లో వాళ్లు తమ యజమానులు పారేయబోయిన పాత కంప్యూటర్లు తెచ్చి ఆమె ముందు పెట్టడం మొదలుపెట్టారు. ఒకదానిలో ర్యామ్, ఇంకోదానిలో ఫ్యాను, కలిపితే ఒక మంచిది. వాటితోనే కొందరు టైపు నేర్చుకున్నారు, కొందరు ఇంటి దగ్గర పిల్లల చదువులు చూశారు. ఫోనులో ఇద్దరికీ మాటలు అయిపోవడం మానేశాయి. ఆమె విప్పి చూపిస్తుంది, అతను లోపం కనిపెడతాడు. కొన్నిసార్లు ఆమే ముందు కనిపెట్టేస్తుంది. అలాంటప్పుడు అతను నా వైపు తిరిగి, "చూశారా ఆతె పాసింగ్, ఇక నా ఉద్యోగం పోయినట్టే," అనేవాడు. పాసింగ్ నా పేరు, ఆతె అంటే అక్క.

రెండో ఒప్పందం ముగుస్తోందనగా, ఆమె వచ్చేస్తుందని అతను మారికీనాలోనే గుట్ట మీద ఒక గది అద్దెకు తీసుకున్నాడు. వరద నీళ్లు రాని చోటు. గోడలకు తనే రంగు వేశాడు. గోరంచుల్లో ఆ పసుపు రంగు పోకుండానే అన్నానికి వచ్చేవాడు.

సరిగ్గా అప్పుడే పోపో స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మంచం మీద నుంచి మారివిక్ చెయ్యి పట్టుకుని, నువ్వు వెళ్లొద్దని ఏడ్చిందట. కొడుకులు వేరే ఊళ్లలో ఉన్నారు. ఆదివారం ఈ మాట చెప్పేటప్పుడు మారివిక్ తెర వైపు చూడలేదు.

"ఇంకెన్నాళ్లు?" అన్నాడు క్రిసాంతో.

"ఆవిడ ఉన్నన్నాళ్లు."

"అంటే నేనిప్పుడు ఒక ముసలమ్మ చావు కోసం ఎదురుచూడాలా?"

"అలా అనకు క్రిస్. ఆవిడ పక్క గదిలోనే ఉంది."

"ఆవిడకి మన భాష రాదు."

"నాకొచ్చు."

అతను ఫోను బోర్లించేశాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఫోను ఎత్తడం లేదని మారివిక్ నాకే చేసింది.

"ఆతె, తింటున్నాడా?"

"వారమంతా తింటున్నాడు. ఈరోజే రాలేదు."

"ఏం వండారు?"

"పంది మాంసం సినిగాంగ్. చింతపులుపు కాస్త ఎక్కువైంది."

"ఎక్కువైతేనే అతనికి ఇష్టం," అని, ఇంకేదో అనబోయి ఫోను పెట్టేసింది. ఆ మధ్యాహ్నం నేను గిన్నెతో ఆ సినిగాంగ్ పులుసు పట్టుకుని గుట్ట మీద గదికి వెళ్లాను. రంగు వేసిన గదిలో, కుర్చీ కూడా లేని నేల మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గిన్నె అతని ముందు పెట్టాను. తిన్నాడు. తిన్నాక తనే ఆమెకు ఫోను చేశాడు. నేను మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాను.

ఆ మరుసటి ఏడు సెలవు మీద వచ్చింది మారివిక్. ఉన్న కొద్ది రోజుల్లో సగం అతని పని బల్ల పక్కనే గడిపింది. ఎవరో కాలేజీ పిల్లకు కంప్యూటర్ కావలసి వస్తే ఇద్దరూ కలిసి చేసిచ్చారు. నేను అద్దం ఇవతల నుంచి చూశాను. ఆమె బోర్డు మీద ర్యామ్ నొక్కుతుంటే అతను స్క్రూలు అందించాడు. మధ్యలో ఒకసారి ఆమె చెయ్యి పట్టుకుని మచ్చ మీద బొటనవేలితో నిమిరాడు. ఆమె చెయ్యి లాక్కోలేదు. కొనడానికి వచ్చిన పిల్ల పక్కకు తిరిగి గోడ మీద ధరలు చదవడం మొదలుపెట్టింది.

విమానాశ్రయానికి నేనూ వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు జీప్నీ బండిలో అతను ఒక్క మాటే అన్నాడు. "ఆతె, ఆమె నాకంటే నెమ్మదిగా చేస్తుంది, కానీ తీగలు నాకంటే అందంగా సర్దుతుంది. ఎక్కడ నేర్చుకుందో." ఆ మాట అని, కిటికీ వైపు తిరిగాడు.

పోపో ఇంకా ఉంది. కర్ర పట్టుకుని నడుస్తోందట. మొదట్లో ఆవిడ పేరెత్తితేనే క్రిసాంతో మొహం ముడుచుకునేవాడు. ఈమధ్య ఫోను కలవగానే ముందు ఆవిడ సంగతే అడుగుతున్నాడు. రాత్రి నిద్రపోయిందా, గంజి తాగిందా అని. మారివిక్ ఆ సంగతులు చెబుతూ చెబుతూ ఏదో ఒక పాత క్యాబినెట్ మూత విప్పుతుంది. అతను గడ్డం కింద చేతులు పెట్టుకుని, ఆమె పని చేస్తున్నంతసేపు చూస్తూ కూర్చుంటాడు. ఆ బల్ల దగ్గర ఇంకెవరినీ కూర్చోనివ్వను నేను. గిన్నెలు కూడా వాళ్లు మాట్లాడుకోవడం అయ్యాకే తోముతాను.