ముగ్గు చెంబు మెడ మీది పేరు

మా వంశవృక్షాన్ని నేను ఒక్క ఆదివారం మధ్యాహ్నం పెంచాను. భోజనమయ్యాక విత్తనం వేశాను, టీ వేళకి ఎనిమిది తరాలు కాసింది.

దీనికి కారణం స్టీల్‌ప్లాంట్ క్వార్టర్లలో మా పక్కింటాయన. గోదావరి జిల్లా మనిషి, నాదీ ఆయనదీ ఒకటే షిఫ్టు. వాళ్ళ హాల్లో ఏడు తరాల వంశవృక్షం ఫ్రేము కట్టి ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు దాన్ని చూపించేవాడు. తొంభైల చివర్లో ఒకరోజు నా వంతు వచ్చింది.

"మా ఐదో తాతగారు పల్లకీలో తప్ప తిరిగేవారు కాదండి. మీ పెద్దలేం చేసేవారండి?" అని అడిగాడు.

మా నాన్న పోర్టులో కలాసీగా చేసి రిటైరయ్యాడు. తాత పద్మనాభం ఊరికి అవతల రెండెకరాల్లో వరి పండించాడు. అంతకు పైన నాకేమీ తెలియదు. అయితే తెలియదు అనే మాట నా నోటికి అలవాటు లేదు. "మా ముత్తాత డాల్ఫిన్ నోస్ కొండ మీద లాంతరు పట్టుకుని నిలబడబట్టి సరిపోయింది గాని, లేకపోతే సగం ఓడలు దారి తప్పి భీమిలి పోయేవండి" అన్నాను. ఆయన నమ్మాడో లేదో గాని కాఫీ మాత్రం చక్కగా ఇచ్చాడు.

ఆయనవి ఏడు తరాలు కాబట్టి నావి ఎనిమిది. చార్టు కొని, స్కెచ్ పెన్నులతో గళ్ళు గీసి, ప్రతి గడిలో ఒక పేరు, పేరు కింద ఒక ఘనకార్యం రాశాను. ఒకాయన ఎద్దును భుజాన వేసుకుని వరదలో గోస్తనీ దాటాడు. ఇంకొకాయన ఈదుతుంటే సొరచేపలు పక్కకి తప్పుకునేవి. ఆడవాళ్ళ గళ్ళు ఖాళీగా ఉంటే బాగుండదని వాళ్ళకీ పేర్లు పెట్టాను. మా నాన్నమ్మ గడిలో జమీందారిణికి నప్పే పేరొకటి రాశాను. పలికితే నోరు నిండిపోయేది.

నాన్నమ్మ అసలు పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాన్నకి పాలు మాన్పకముందే ఆవిడ పోయింది. తాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ వచ్చిన పిన్నే నాన్నను పెంచింది. తన కడుపున పుట్టిన కూతురి కంటే ముందు నాన్నకి అన్నం పెట్టేదట. చిన్నప్పుడు ఒకసారి "మా అమ్మ పేరేటి?" అని అడిగితే పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయట. నాన్న మళ్ళీ ఎప్పుడూ ఎవరినీ అడగలేదు.

అందుకే ఏటా మహాలయ అమావాస్య నాడు ఆయనకొక ఇబ్బంది ఉండేది. పెద్దలకి నువ్వులు, నీళ్ళు వదిలేటప్పుడు పురోహితుడు ఒక్కొక్కరి పేరూ అడిగేవాడు. తండ్రి పేరు, తాత పేరు గట్టిగా చెప్పేవాడు. తల్లి పేరు దగ్గర ఆగిపోయేవాడు. "ఫరవాలేదు, అమ్మ అనండి చాలు" అనేవాడు పురోహితుడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, పాఠం రాని పిల్లాడిలా తల వంచుకుని "అమ్మ" అనేవాడు. ఇదంతా ఏళ్ళ తరబడి చూసినవాణ్ణి నేను. చూసి కూడా ఆ గడి నింపాను.

నాన్న మాతోనే ఉండేవాడు. ఆ ఆదివారం మాత్రం వన్ టౌన్‌లో ఉన్న తన చెల్లెలి ఇంటికి, అంటే ఆ పిన్ని కూతురి ఇంటికి వెళ్ళాడు. సోమవారం తిరిగొచ్చేసరికి చార్టు గోడ మీద ఉంది. కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఆనించి, పై గడి నుంచి చదువుకుంటూ వచ్చాడు. నాన్నమ్మ గడి దగ్గర వేలు ఆగింది.

"ఇది మా అమ్మ పేరేనేటిరా?"

అప్పుడే ఒప్పుకుంటే అంతటితో పోయేది. నోరు ఊరుకోలేదు. "అవును నానా, పాత రికార్డుల్లో దొరికింది" అన్నాను.

"పెద్ద పేరే" అన్నాడు. చీటీ మీద రాసిమ్మని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ ఏడు అమావాస్యకి పురోహితుడు అడక్కముందే తల్లి పేరు చెప్పాడు. మరుసటి ఏడూ చెప్పాడు. ఆ రెండోసారి నీళ్ళు వదిలి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇన్నాళ్ళూ పేరు నేకండా పిలిసాను. ఎవుల్ని పిలుత్తన్నానో మా అమ్మకెలా తెలుత్తాదని దిగులుండీది. నీ దయ వలన పోయిందిరా."

ఆ రోజే తేల్చుకున్నాను. వచ్చే అమావాస్యలోగా అసలు పేరైనా కనుక్కోవాలి, లేదా నిజమైనా ఒప్పుకోవాలి. రెండోది నాకు చేతకాదు కాబట్టి మొదటిదానికి బయల్దేరాను.

వీక్లీ ఆఫ్ వచ్చినప్పుడల్లా మద్దిలపాలెంలో బస్సెక్కి ఊరెళ్ళేవాణ్ణి. పాత పట్టా కాగితాల్లో అందరూ మగవాళ్ళే. ఊళ్ళో వాళ్ళకి మా తాత మీసాలు గుర్తున్నాయి, భార్య గుర్తు లేదు. చివరికి ఒక ముసలమ్మ దొరికింది. తాత వాళ్ళ పక్కింటికి కోడలిగా వచ్చిన మనిషి, తొంభై దగ్గర పడింది. అరుగు మీద పెసలు చెరుగుతోంది.

"కోడళ్ళకి పేర్లేటి బాబూ? పలానోడి పెళ్ళాం అనీవోళ్ళం. గుంటడు పుట్టినాక గుంటడి తల్లి అన్నాం."

"ఒక్కలూ పేరెట్టి పిలవలేదేటమ్మా?"

"మాకు సనువొచ్చీసరికే పోయింది గదా." చేట ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఆలోచించింది. "పుట్టింటోళ్ళిచ్చిన ఇత్తడి సెంబొకటి ఉండీది. మెడ సుట్టూ దాని పేరు కొట్టించారు. నుయ్యి కాడికొస్తే అందరికీ సూపించీది. మాకు సదవడం వొస్తేనా? అచ్చరాలు బాగున్నాయే అనీవోళ్ళం."

తాత ఇంట్లో సామానంతా చివరికి వన్ టౌన్‌లో మా మేనత్తకే చేరింది. మర్నాడే అక్కడికి వెళ్ళాను. గుమ్మంలో ముగ్గు వేస్తోంది. ఇత్తడి సామానేదని అడిగాను.

"ఇంకెక్కడిత్తడి అల్లుడా? బిందెలూ గంగాళం అన్నీ ఏసీసి స్టీలు తెచ్చీసాం. మోసినోడివి నువ్వే గదా."

నిజమే. స్టీల్‌ప్లాంటులో చేరిన కొత్తలో, ఇంక ప్రతి ఇంట్లోనూ స్టీలే ఉండాలని ఉపన్యాసం దంచి, ఆ సామానంతా పాత్రల కొట్టుకి మోసింది నేనే. ముగ్గు తొక్కకుండా వెనక్కి తిరిగాను.

"ఒక్క సెంబు ఉంచీసాను" అంది అత్త. "పోయీ ముందు మా అమ్మ నా సేతిలో ఎట్టింది. ఇది అక్కది, దీన్ని మార్సీకు అన్నాది. అడుగు సొట్టపడిపోయింది, నిలబడదు. అందుకే ముగ్గుకి వాడతన్నాను."

ఆవిడ చేతిలో ఉన్నది అదే. పేరు అడిగితే కంటనీరు పెట్టుకున్న ఆ పిన్ని, తానెన్నడూ చూడని సవతిని అక్క అనుకుంటూ ఆ చెంబును కాపాడింది. ఆవిడకీ చదువు రాదు. దాని మీద ఏముందో ఆవిడకి తెలియనే తెలియదు.

అత్త పిండి వేరే డబ్బాలోకి వంపేసి చెంబు నాకిచ్చింది. చింతపండుతో తోమాను. మెడ చుట్టూ అక్షరాలు కొట్టిన చుక్కలు తేలాయి. రెండక్షరాలు తెలిశాయి, మిగతావి అరిగిపోయాయి. రెండక్షరాలిస్తే పూర్తి పేరు కట్టడం నాకెంతసేపు? అప్పటికే అయిదు పేర్లు నోట్లోకి వచ్చేశాయి. వాటిని మింగి, చెంబు చంకలో పెట్టుకుని పాత్రల కొట్ల సందులోకి నడిచాను.

అక్కడ పాత్రల మీద పేర్లు కొట్టే ఆయన ఒక కొట్టు మెట్టు మీద కూర్చుని, పెళ్ళి బిందె ఒకటి ఒళ్ళో పెట్టుకుని పని చేస్తున్నాడు. చెంబు తిప్పి చూసి నవ్వాడు.

"బయటెందుకు సూత్తన్నావ్ బావా? బయట తోమి తోమి అరగ్గొట్టీసారు. సుత్తి దెబ్బ లోపలికి దిగుతాది. అక్కడెవులు తోముతారు?"

చూపుడువేలు చెంబు మెడ లోపల పెట్టి, కళ్ళు మూసుకుని, బుడిపెల మీద మెల్లగా తిప్పుతూ ఒక్కో అక్షరమే చెప్పాడు. మామూలు పేరు, ఆ రోజుల్లో పల్లెకి పదిమందికి ఉండేది. నేను కట్టిన పేర్లలో ఇంత చిన్నది ఒక్కటీ లేదు. మళ్ళీ చూడమన్నాను. మూడుసార్లూ అదే చెప్పాడు.

"మీవోళ్ళేనా బావా?" అన్నాడు నా ముఖం చూసి.

"మా నాన్నమ్మ" అన్నాను. అసలు పేరు తెలిసి ఆ మాట అనడం అదే మొదటిసారి.

సాయంత్రం నాన్న ముందు చెంబు పెట్టి మొత్తం చెప్పాను. ఏమీ కలపకుండా నేను చెప్పిన అతి పొడుగు సంగతి బహుశా అదే. నాన్న చెంబు మెడలో వేలు తిప్పుతూ విన్నాడు. తర్వాత చార్టు వైపు చూశాడు.

"ఎద్దుని మోసినోడు?"

"నానే కట్టాను నానా."

"లాంతరాయన?"

"అదీ నానే."

"నాను ఉన్నానా, నన్నూ నువ్వే కట్టీసావా?"

నాకు నవ్వు రాలేదు, ఆయనకే వచ్చింది. జేబులోంచి పాత చీటీ తీశాడు. చింపేస్తాడనుకున్నాను. చదివి, మళ్ళీ మడిచి జేబులోనే పెట్టుకున్నాడు.

ఆ అమావాస్యకి నాన్న తల్లి చెంబుతోనే నీళ్ళు వదిలాడు. అడుగు సొట్ట కాబట్టి ఎక్కడా కింద పెట్టకుండా చేత్తోనే పట్టుకున్నాడు. తల్లి పేరు దగ్గర తల ఎత్తి చెప్పాడు. పురోహితుడు తర్వాతి పేరుకి వెళ్ళబోతుంటే ఆగమని, ఆ జమీందారిణి పేరు కూడా చెప్పి ఇంకో దోసెడు వదిలాడు.

"ఈవిడెవరండీ?" అన్నాడు పురోహితుడు.

"మావోడికి తెలిసినావిడండి. రెండేళ్ళు అలవాటు సేసీసాను. ఇప్పుడివ్వనంటే ఎక్కడికెల్తాది?"

ఇప్పుడు మా గోడ మీది చార్టులో మూడు తరాలే ఉన్నాయి. నాన్నమ్మ పక్కనే పిన్నికీ ఒక గడి గీశాను. పక్కింటాయన చూసి జాలిపడతాడు. నాన్న పోయాక ఆ చెంబు నా చేతికొచ్చింది. అందరి పేర్లూ అయ్యాక ఆ జమీందారిణి పేరు చెప్పి ఇంకో దోసెడు నీళ్ళు వదులుతాను. ఆవిడే లేకపోతే నేను మద్దిలపాలెంలో ఆ బస్సు ఎక్కేవాణ్ణి కాదు.

"ఈవిడెవరండీ?" అని ఇప్పటి పురోహితుడూ అడుగుతాడు.

"మా నాన్నకి బాగా తెలిసినావిడండి" అంటాను.