పుచ్చు వంకాయలు

విత్తనాల పరిశోధన నా ఉద్యోగం. జన్యువు మార్చిన, పురుగు పట్టని కొత్త వంకాయ తింటే ఏమీ కాదని పొద్దున దబీర్‌పురాలో మా గల్లీవాళ్లకు గంటసేపు చెప్పాను. అది ఇంకా బజారుకే రాలేదనీ చెప్పాను.

సాయంత్రం బండి దగ్గర వంకాయలు ఏరుతుంటే, పొద్దున ముందు వరసలో కూర్చున్న యూసుఫ్ భాయ్ పక్కకొచ్చి నవ్వారు.

"ఏంది సార్, అందరు పుచ్చులు పక్కకు పెడ్తరు. మీరు పుచ్చులే ఏరుతున్నరు?"

చూసుకుంటే నా సంచిలో అన్నీ పురుగు తొలిచినవే! పురుగు తిన్నదైతే మనకూ భయం లేదని నా చేతికి ఎవరు చెప్పారో.

"మా ఆవిడకు భయం," అన్నాను. అబద్ధం.

ఆయన నవ్వు ఆగిపోయింది. తను ఏరుకున్న నున్నటి వంకాయలు తిరిగి బండి మీద పెట్టేసి, ఆయనా పుచ్చులు వెతకడం మొదలుపెట్టారు.

ఆదివారం పక్క గల్లీలో మళ్లీ నా ఉపన్యాసం. మీరైతే ఏ ముఖం పెట్టుకుని వెళ్తారు?