అక్కమ్మ చూసిన గుల్లదిబ్బ

తిరువూరులో అక్కమ్మ సున్నానికి మంచి పేరుండేది. గోడలకి వెల్ల వెయ్యాలన్నా, తమలపాకుకి రాసుకోవాలన్నా ఆమె బట్టీ సున్నమే కావాలనేవారు. సముద్రపు గుల్లలు గోతాల్లో కాలవ పడవల మీద బెజవాడ చేరి, అక్కణ్ణుంచి లారీలో వచ్చేవి. పాతికేళ్లుగా వాటిని కాలుస్తున్నా అక్కమ్మ సముద్రం చూడలేదు. చూడాలని పెద్దగా అనుకోనూ లేదు.

ఆ కోరిక పుట్టించింది ఒక ముడి. చాలా గోతాల మూతులు కత్తిపెట్టి కొయ్యాల్సివచ్చేది. కొన్నిటికి మాత్రం తాటినారతో కట్టిన ముడి ఉండేది. కొస పట్టి లాగితే చాలు, జారిపోయేది. ఆ గోతాల్లో గుల్లలు ఇసుక లేకుండా శుభ్రంగా కడిగి ఉండేవి.

"ఈ ముడేసే మనిషెవరో చూసి రావాలయ్యా," అంది, పంతొమ్మిది వందల యాభై నాలుగు మాఘమాసంలో, భర్త బసవపున్నయ్యతో.

"ముడి కోసం అంత దూరం ఎందుకే? గోతాం మీద కనపట్టంలా?" అన్నాడాయన. అన్నాడే గాని, రెండోనాడు తెల్లారకముందే తలపాగా చుట్టుకుని, బస్సుకి వేళైపోతోందని ఆమెనే తొందరపెట్టాడు.

గుల్లలెక్కణ్ణుంచి వస్తాయో లారీవాణ్ణి వాకబు చేసి, రెండు బస్సులు మారి నాగాయలంక చేరారు. అక్కణ్ణుంచి తెరచాప పడవ. కృష్ణ సముద్రంలో కలిసేచోట చిన్న లంక ఒకటి కనపడింది. దాని అంచు పొడుగునా ఎండలో తెల్లగా మెరుస్తోంది.

"అదేనమ్మా గుల్లదిబ్బ," అన్నాడు పడవవాడు.

దిగీదిగగానే కాళ్లకింద గలగలమంది. ఇసుక కనపడనే లేదు, ఎటు చూసినా గుల్లలే. చెప్పులు పడవలో వదిలేసిన బసవపున్నయ్య అడుగు తీసి అడుగు వెయ్యలేక గెంతుతున్నాడు. సున్నంలో బండబారిన అరికాళ్లతో అక్కమ్మ మాత్రం చకచకా నీళ్లదాకా వెళ్లి గొంతుక్కూర్చుంది.

బట్టీకి వచ్చే గుల్లలు ఎండి, బూడిదరంగులో ఉండేవి. ఇక్కడ అల తడిపిన గుల్లల్లో ఒకటి దానిమ్మగింజ రంగు, ఒకటి పసుపుకొమ్ము రంగు. ఇంకోదాని లోపల నెమలికంఠం మెరుపు.

"గుల్లకి రంగుంటుందా!" అంది పైకే.

చేతిలోకి తీసుకున్న శంఖం ఒకటి ఉన్నట్టుండి నడిచింది. కెవ్వుమని విసిరేసింది. వెనకనుంచి పకపకా నవ్వు వినపడింది. చూస్తే, తట్ట చంకన పెట్టుకున్న ఒక నడివయసు ఆడమనిషి.

"పీతమ్మా అది. ఆ ఇల్లు దానిది కాదు. ఖాళీగా ఉందని దూరింది, అంతే."

ఆమె పేరు రిబ్కా. లంకలోనే గుడిసె. గుల్లలు ఏరి, కడిగి గోతాలకెత్తడమే ఆమె పని. మాట్లాడుతూనే నిండిన గోతానికి ముడేసింది. అక్కమ్మ కళ్లు ఆ వేళ్లమీదే నిలిచిపోయాయి. ఆత్రం ఆపుకోలేక కొస పట్టుకు లాగింది. ముడి జారి గుల్లలన్నీ ఒలికిపోయాయి.

"ఏందమ్మా ఈ పని! పొద్దుటినుంచీ నింపానే!"

"నువ్వా తల్లీ! ఎనిమిదేళ్లుగా నీ ముడి విప్పుతోంది నేనే. తిరువూరు సున్నపుబట్టీ మాది!"

"విప్పేవాళ్ల చేతులు తెగకూడదని అట్టా ఏసేదాన్ని. విప్పేది ఎవరో మగమనిషి అనుకున్నా," అంది రిబ్కా.

"కట్టేది మగాడని నేననుకున్నా," అంది అక్కమ్మ. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారు. ఒలికిన గుల్లలు ముగ్గురూ కలిసి ఎత్తారు.

మధ్యాహ్నం రిబ్కా అన్నం పెట్టింది. వాళ్లింట తినొచ్చా అని బసవపున్నయ్య తటపటాయిస్తుంటే, అక్కమ్మ అప్పటికే చేపలపులుసు కలిపేసుకుంటోంది. ఆ వాసనకి ఆయనా కూర్చున్నాడు, రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు. సాయంత్రం స్నానానికి దిగితే అల ఒకటి ఆయన్ని కూలదోసి, తలపాగా ఎత్తుకుపోయింది. దానివెంట పరిగెత్తి పట్టుకొచ్చింది అక్కమ్మే. ఒక్కరోజుకని వచ్చినవాళ్లు నాలుగు రోజులున్నారు.

ఆ వేసవిలో రిబ్కాని తిరువూరు రప్పించింది అక్కమ్మ. బెజవాడదాకా ఎదురెళ్లి, తెల్లవారుజామున చీకట్లోనే బస్సెక్కించుకుంది. తెల్లారి ఎ.కొండూరు దాటుతుంటే రిబ్కా కిటికీలోంచి చూసి, సీట్లోంచి లేచి నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె కొండని చూడలేదు.

"అంత ఎత్తు లేచింది, విరిగి మీద పడదా వదినా?" అంది భయంగా.

బస్సంతా గొల్లుమంది. "అది అల కాదే పిచ్చిదానా, రాయి!" అని ఆమెని పక్కన కూర్చోబెట్టుకుంది అక్కమ్మ. మర్నాడు బట్టీ మొగుడికి వదిలేసి, ఇద్దరూ ఆ కొండెక్కడానికి వెళ్లారు.