ఓర్విల్ కూర్చున్న ఇన్నింగ్

ఓర్విల్ లిండ్‌క్విస్ట్‌కి కూర్చోవడం చేతకాదు. ఫార్గోలో జీవితమంతా ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు గానీ, ఆ కబురు కాళ్ళకి ఎవరూ చెప్పలేదు. పళ్ళ డాక్టరు కుర్చీలోంచి తెరిచిన నోటితోనే లేచి, బయట వాన పడుతోందేమో చూసొచ్చిన ఘనుడు. బేస్‌బాల్ అంటే ప్రాణం. అయినా పెళ్ళయినప్పటి నుంచీ అతని భార్య మార్లిస్ ప్రతి ఆటనీ ఖాళీ కుర్చీ పక్కనే చూసింది.

అందుకే పిట్స్‌బర్గ్ చూడబోయేముందు ఆవిడ తెగేసి చెప్పింది.

"ఊళ్ళో నీ ఇష్టమొచ్చినట్టు తిరుగు. ఆట దగ్గర మాత్రం నా పక్కన కూర్చోవాలి. ఆటకి తొమ్మిది ఇన్నింగులుంటాయిగా, అందులో ఒక్క ఇన్నింగైనా సరే."

"ఓస్, అంతేనా!" అన్నాడు గుమ్మంలో పచార్లు చేస్తూ.

"ఇంకోటి. ఆపరేషనయింది కదా అని నా మోకాలి మాట ఎత్తావో, నిన్నక్కడే వదిలేసి వచ్చేస్తా."

ఫార్గో బల్లపరుపు ఊరు. పిట్స్‌బర్గ్‌లో వీధులు కొండెక్కి కూర్చుంటాయి. పొద్దున ఆవిడ నిద్రలేచేసరికి హోటల్ గదిలో మనిషి లేడు. ఎక్కడెక్కడో తిరిగి కాఫీ వేళకి ఊడిపడ్డాడు. ఆ తర్వాతా అదే వరస.

"ఆ పాత చర్చి చూద్దామా?"

"ఉండు, చూసొస్తా." పరుగున వెళ్ళి, రొప్పుతూ వచ్చాడు. "ఏం బాలేదు. అద్దాల నిండా దుమ్ము."

"పోనీ, ఆ పైనున్న కొట్లో ఏదైనా తిందామా?"

మళ్ళీ పరుగు. "ఈగలు!"

"ఆ కొండమీంచి నదులు కనిపిస్తాయట."

"చూశానుగా. నీళ్ళే."

మార్లిస్‌కి ఒళ్ళు మండింది. "మరి నన్నెందుకు తెచ్చావ్? నువ్వొక్కడివే చూసి ఫోన్లో చెప్తే పోయేదిగా!"

సాయంత్రం స్టేడియంలో మొదటి బంతి పడకముందే లేచాడు. ముందు వరసలో ఒక లావుపాటి మనిషి, చొక్కా వెనకాల బెర్నీ అని పేరు రాసుంది, అతను లేచిన ప్రతిసారీ కసిరాడు. "తాతా, అడ్డం తప్పుకో! నీ కుర్చీలో ముళ్ళున్నాయా?"

ఆరో ఇన్నింగ్‌కి గానీ ఎవరూ గమనించలేదు. ఊరి జట్టు తరఫున బంతులు విసిరే పిచ్చర్ అప్పటిదాకా అవతలివాళ్ళని ఒక్క మంచి దెబ్బ, ఒక్క హిట్ కూడా కొట్టనివ్వలేదు! ఆట చివరిదాకా అలా సాగడం బహు అరుదు. అలాంటప్పుడు ఆ సంగతి నోరెత్తి అనకూడదు. ఎవరేం చేస్తున్నారో చివరిదాకా అదే చెయ్యాలి, లేకపోతే అదృష్టం చెడుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. చెవి గోక్కుంటున్నవాడు పాపం గోక్కుంటూనే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే ఓర్విల్ భార్య మొహం చూసి జాలిపడి, కూర్చోబోయాడు.

"కూర్చోకు!" బెర్నీ గావుకేక పెట్టాడు. "తిరుగు తాతా, నీకు పుణ్యముంటుంది, తిరుగు!"

వరసలన్నీ చప్పట్లు కొట్టాయి. ఓర్విల్‌కి అంతకంటే ఏం కావాలి? ఎగురుకుంటూ పోయాడు. మార్లిస్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

ఎనిమిదో ఇన్నింగ్‌లో, సీట్లు చూపించే ముసలావిడ డొలోరెస్ వచ్చి వంగింది. "మోకాలు నొప్పిగా ఉందా అమ్మా?"

"మీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు, మీ ఆయనే! పొద్దున్నే వచ్చి నా ప్రాణం తీశాడు. మెట్లెక్కే పని లేని సీటు దొరికేదాకా స్టేడియమంతా ఎక్కి దిగాడు. ఇప్పుడు మీరు బయటికెళ్ళడానికి ఏ లిఫ్టు దగ్గర జనం తక్కువో చూస్తున్నాడు. ఈ ఊళ్ళో మెట్లు లేని చర్చి చెప్పమంటాడు. నేనెక్కడ తెచ్చేది?"

మార్లిస్‌కి దుమ్మూ, ఈగలూ, నీళ్ళూ అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. నవ్వొచ్చింది, కోపమొచ్చింది, ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమా వచ్చింది.

తొమ్మిదో ఇన్నింగ్. ఇప్పటికీ ఒక్క హిట్టూ లేదు. ఇంకొక్కడు అవుటైతే చాలు. నడవలో తచ్చాడుతున్న ఓర్విల్ చొక్కాని మార్లిస్ పట్టుకు లాగింది.

"కూర్చో."

"వీళ్ళు చంపేస్తారే!"

"ఆ చర్చికి మెట్లెన్ని?"

"చాలానే ఉన్నాయి."

"రేపు మెల్లిగా ఎక్కుదాం. నువ్వు ముందు పరిగెత్తక్కర్లేదు, చెయ్యిస్తే చాలు. ఇప్పుడు కూర్చో."

కూర్చున్నాడు. మరుసటి బంతికే టప్పున హిట్! స్టేడియమంతా ఉసూరుమంది. బెర్నీ టోపీ నేలకేసి కొట్టాడు.

"ఎంత పని చేశావు తాతా! ఇలాంటిది మళ్ళీ చూస్తామా?"

మార్లిస్ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ పిచ్చర్ చిన్నవాడు నాయనా, ఇలాంటి ఆట ఇంకోటి ఆడతాడు. ఈయన మళ్ళీ కూర్చుంటాడని మాత్రం నాకు నమ్మకం లేదు."

బెర్నీ కాసేపు గుర్రుగా చూశాడు. తర్వాత తన హాట్‌డాగ్‌లో సగం తుంచి ఓర్విల్ చేతిలో పెట్టాడు.

"తిను తాతా. అది అయ్యేదాకా లేచావంటే ఊరుకోను."