ముందు వినండి, శాలువా తర్వాత

మా కోనసీమలో మనిషి నోరు మూయించడానికి గొడవ పడనక్కర్లేదు. శాలువా కప్పి, చేతిలో కొబ్బరిబొండం పెట్టి, భోజనానికి కూర్చోబెడితే చాలు. అలా నా నోరు ఎన్నిసార్లు మూతబడిందో నాకే తెలుసు.

నాది సముద్రం చదువు. ఏరు సముద్రంలో పడేచోట ఇసుక ఎటు జరుగుతోంది, నీరు ఎటు పోతోంది అని కొలవడమే ఉద్యోగం. ముమ్మిడివరం దాటి తీరం వైపు వెళ్తే అలాంటి ఉప్పుటేరు ఒకటుంది. దాని పక్కన పల్లంలో ఉన్న పేటలోనే మా పిన్ని ఇల్లు. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు కొబ్బరితోటల్లోకి ఎగదన్నుతోందని, ఏరు సముద్రంలో కలిసే మొగకి అడ్డంగా కట్ట వేసి శాశ్వతంగా మూసేద్దామని ప్రతిపాదన వచ్చింది. తోటలవాళ్ళ బాధ అబద్ధం కాదు. కానీ మొగ మూస్తే వాననీటికి దారేదీ? పేట మునుగుతుంది. మా కొలతలన్నీ ఆ మాటే చెప్తున్నాయి.

ఆ మాట చెప్పడానికే అమలాపురం మీటింగులకి వెళ్ళేవాళ్ళం. ప్రతిసారీ ఒకటే తంతు. మా పెద్ద సైంటిస్టుగారినీ నన్నూ వేదిక మీదికి పిలిచేవారు. "మన ప్రాంతం ఆడపిల్లండీ, ఎంత చదువు చదివిందో చూడండి" అని ఎవరో పొగిడేవారు. చప్పట్లు, శాలువా, ఫొటో. మేం మాట్లాడే వంతు మాత్రం భోజనాల తర్వాత. పనసపొట్టు కూరతో సుష్టుగా తిన్న హాలు సగం కునికిపాట్లు పడుతుంటే, మా సార్ గ్రాఫులు చూపించి "ముంపుకి అవకాశం ఉండవచ్చు, మరింత అధ్యయనం అవసరం" అనేవారు. అధికారులు తలూపేవారు. ఇంక కార్లెక్కడమే. నాకు ఒళ్ళు మండేది. కానీ ఆ శాలువా ఒళ్ళో పెట్టుకుని ఎవరితో పోట్లాడను? పాడు మొహమాటం!

పోయిన వేసవిలో ఒక ఆదివారం పిన్ని చర్చి నుంచి వస్తూనే ఫోన్ చేసింది.

"అమ్మాయ్, కట్టకి మీ సైంటిస్టులు కూడా ఒప్పేసుకున్నారంట కదా?"

"ఎవరన్నారు పిన్నీ?"

"ఊరంతా అంటన్నారు. నీకు సన్మానం చేసేరంటగా, ఫొటో చూసేం. ఒప్పుకోకపోతే ఊరికే శాలువా కప్పుతారా? అయితే వానాకాలం మేం ఎక్కడికి పోవాలో అది కూడా నువ్వే చెప్పు."

అరికాలి మంట నెత్తికెక్కింది. మా మౌనాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టేశారన్నమాట!

తర్వాతి మీటింగులోనే నిర్ణయం. జిల్లాకి కొత్తగా వచ్చిన పెద్ద అధికారి కూర్చున్నారు. నిర్వాహకుడు శాలువా మడత విప్పుతూ నా దగ్గరికి వచ్చాడు. నేను వెనక్కి జరిగాను.

"వద్దండీ. ముందు వినండి. విన్నాక కూడా కప్పాలనిపిస్తే అప్పుడు కప్పండి."

"అదేంటండీ మేడమ్‌గారూ, గౌరవం చేస్తుంటే..."

"కూర్చోమ్మా, బాగోదు" అని సార్ నా చెయ్యి లాగారు.

"బాగోకపోతే పోనివ్వండి సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అధికారి మైకు మా వైపు తోయించారు. సార్ గ్రాఫులు మొదలుపెట్టగానే ఆపేశారు. "నాకు ఈ గీతలు తెలీవండి. కట్ట వెయ్యమంటారా, వద్దంటారా?"

సార్ నీళ్ళు నమిలారు. "నిర్ణయం మా పరిధి కాదండి. మేం సమాచారం మాత్రమే..."

"వద్దండీ" అన్నాను నేను, మైకు లాక్కుని. "కట్ట వేస్తే పెద్ద వాన పడగానే పేట ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి. తోటల్లోకి ఉప్పు రాకూడదంటే తలుపులున్న స్లూయిజు కట్టండి. సముద్రం పోటుకి మూసి, నీరు వెనక్కి తీసే పాటుకి తియ్యండి."

"గ్యారంటీయేనా?"

"వాన ఎప్పుడొస్తుందో గ్యారంటీ ఇవ్వలేనండి. వస్తే నీళ్ళు ఎవరి గుమ్మంలోకి వెళ్తాయో మాత్రం చెప్పగలను."

"మరి ఇన్ని మీటింగుల్లో ఈ ముక్క చెప్పలేదేం?"

"చెప్పేసరికి ఇక్కడందరికీ నిద్రొస్తోందండీ. మేమేమో గీతలు చూపించి, పని అయిపోయిందని చేతులు దులుపుకున్నాం."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి నవ్వలేదు. కట్ట ఫైలు ఆపమన్నారు. పాటు వేళ మొగ దగ్గరికి వచ్చి చూస్తానన్నారు. ఆపమన్నారంతే, రద్దు చెయ్యలేదు.

తిరుగు దారిలో కారులో సార్ మొహం ముడుచుకుని కూర్చున్నారు. "హద్దు దాటేవమ్మా. ఇంకోసారి నిన్ను పిలవరు."

"అమలాపురం బస్సెక్కడానికి ఎవరి పిలుపూ అక్కర్లేదు కదండీ!"

ఆయన అన్నట్టే అయింది. తర్వాతి మీటింగుకి నన్ను పిలవలేదు. పిన్నిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ముందు వరసలో కూర్చున్నాం.