లీటరుకు పదహారు

పైపుల దుకాణంలో పికప్ బండి తోలే పెద్దాయన్ని అందరూ చుక్క బాబాయ్ అంటారు. మందు చుక్క అనుకునేరు, డీజిల్ చుక్క. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్లను చాలామందిని చూశాం గానీ, ఇంజనుకు డీజిల్ పొయ్యాలంటే ఏడ్చేవాణ్ణి ఇతన్నొక్కణ్ణే చూశాం. పొద్దున్నే టైర్లలో గాలి కొలుస్తాడు. అక్కర్లేని ఇనుపముక్క ఒక్కటి కూడా బండిలో ఉండనివ్వడు. బ్రేకు తొక్కాల్సిన చోటు అల్లంత దూరాన కనిపెట్టి, ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాడు.

దుకాణం గోడకి ఒక బోర్డు ఉంది. ఏ బండి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందో కుర్ర ఓనరు నెలనెలా సుద్దముక్కతో రాస్తాడు. ఏడాది చివర అందరికంటే పైనున్నవాడికి కొత్తగా వచ్చే బండి తాళాలిస్తానన్నాడు. ఇరవై ఏళ్లుగా ఇంకొకరు అరగదోలిన బండ్లే దక్కినవాడికి ఆ తాళాల మీద ఆశ పుట్టదా మరి? కానీ బాబాయ్ పదిహేను దగ్గరే ఆగిపోయాడు. డీజిల్ ఎక్కడ పోతోందా అని వెతికితే, దొంగ ఇంట్లోనే దొరికింది. భార్య!

ఆవిడ గుట్టమీది ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. రోజూ ఆవిణ్ణి అక్కడ దించి పనికి పోవడం అతని అలవాటు. ఆ ఎత్తు రోడ్డు ఎక్కడానికి బండి మొదటి గేర్లో మూలుగుతూ డీజిల్ గటగటా తాగేస్తుంది. ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయని అతనికి తెలుసు. తెలిసీ అబద్ధమాడాడు.

"ఇంట్లోవాళ్లని బండెక్కించుకోవద్దన్నాడే ఓనరు. గుట్ట కిందదాకా అయితే ఎవరూ చూడరు."

"అయ్యో, నావల్ల మీకు మాటెందుకు? నేను నడుస్తాలెండి."

ఎనిమిది నెలలు నడిచింది. మోకాలు పట్టుకుని ఆవిడ ఎక్కడం పక్క అద్దంలో కనబడేది. అతను అద్దాన్ని కాస్త పక్కకు తిప్పుకున్నాడు.

బోర్డు మీద అందరికంటే పైన, బాబాయ్ బండికి పదహారు పడింది. తాళాలిచ్చే రోజు ఇంట్లోవాళ్లను కూడా రమ్మన్నారు. ఓనరు తాళాలు ఆవిడ చేతిలోనే పెట్టాడు. ఆవిడ బెదురుగా అంది:

"ఒక్క మాట బాబూ. మీరు వద్దన్నారని తెలిసీ గుట్ట కిందదాకా బండెక్కేదాన్ని. ఈయన్నేమీ అనకండి."

"నేనెందుకు వద్దంటాను పిన్నీ? ఎవరు చెప్పారు మీకు?"

బాబాయ్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆవిడ అతనివంక ఒక్కసారి చూసింది.

"నేనే పొరపాటుగా విన్నట్టున్నాను బాబూ," అంది.

నలుగురిలో కడిగేసినా బాగుండేది. ఇంటికొచ్చాక ఎప్పటిలాగే వడ్డించింది, మోకాళ్లకు మందు రాసుకుంది, పడుకుంది.

మర్నాడు కొత్త బండిలో గుట్ట కిందికి రాగానే అతను ఆపకుండా గేరు మార్చాడు.

"ఆపండి," అంది ఆవిడ.

"పైదాకా దించుతానే. తప్పయిపోయింది."

"వద్దు. మీ పదహారు పోతుంది."

దిగి నడవసాగింది. అతను మొదటి గేర్లోనే, ఆవిడ వెనకాలే, ఆవిడ నడకకు తగ్గట్టు బండి పోనిచ్చాడు. మోకాళ్లు పట్టేసి ఆవిడ ఆగినప్పుడల్లా తనూ ఆగాడు. ఇంజను మాత్రం ఆపలేదు.

పైకి చేరేలోగా ఆవిడ మూడుచోట్ల ఆగుతుందని అతనికి ఆ రోజే తెలిసింది.