జాగీర్దారు గారి హాజరు పట్టీ

పీర్ సాహెబ్ రోజూ తెల్లవారగానే తూర్పుకు తిరిగి తన రైతుల మీద కేకలు వేసేవాడు. రైతులుండేది రాయచోటి పక్కన. ఆయనుండేది కువైట్‌లో, వఫ్రా తోటలో, టమాటా మొక్కల మధ్య.

"ఒరే చిన్నపుల్లయ్యా! మడవ తిప్పినావా లేదా?"

అంతలో వెనకనుంచి కఫీల్, అంటే తోట యజమాని, "యల్లా!" అనేవాడు. జాగీర్దారు ఉలిక్కిపడి, నీళ్ళగొట్టం అందుకుని పరుగెత్తేవాడు.

ముత్తాతకు నిజంగానే జాగీరు ఉండేది. అది కరిగి కరిగి ఈయన వంతుకు తొమ్మిదెకరాలు, పద్నాలుగు కౌలు కుటుంబాలు, ఒక మీసం మిగిలాయి.

శుక్రవారం కూరగాయల బండెక్కి సబా అల్ సలేంలోని మా ఇంటికి వచ్చేవాడు. మా నాన్న ఖాజా హుస్సేన్‌కు టేప్‌రికార్డర్ ఉంది మరి. భోంచేసి, గొంతు సవరించుకుని, హుకుములు రికార్డు చేసేవాడు. ఊరెళ్ళేవాళ్ళు క్యాసెట్ పట్టుకెళితే, రెండు నెలలకు జవాబు క్యాసెట్ వచ్చేది.

"దొరా, మీరు జొన్నలెయ్యమన్నారు. మేం శెనక్కాయలేసినాం. ఈసారి మీరు శెనక్కాయలెయ్యమనండి, జొన్నలేస్తాం."

"చూసినావా ఖాజా, నేనంటే ఎంత భయమో!"

ఒకసారి సెలవులో ఊరెళ్ళి సర్పంచి పదవికి నామినేషన్ కూడా వేశాడు. సెలవు అయిపోవడంతో వచ్చేసి, ప్రచారమంతా క్యాసెట్‌లోనే చేశాడు. పదకొండు ఓట్లొచ్చాయి.

"నీ రైతు కుటుంబాలే పద్నాలుగు గదా!" అన్నాడు నాన్న.

"మూడిండ్లలో జరమంట."

ఎనభై మూడులో కొత్త హుకుం దిగింది. ప్రతి క్యాసెట్‌లోనూ పద్నాలుగిళ్ళవాళ్ళు, ముసలీ ముతకా పిల్లాజెల్లాతో సహా, పేరుపేరునా హాజరు పలకాలి. తప్పితే కౌలు రద్దు.

"చిన్నపుల్లయ్య మనవరాలు పెద్దక్క గూడా!" అన్నాడు మైకులో. పేరు పెద్దక్క గానీ వయసు మూడేళ్ళు.

"ఆ పసిబిడ్డ గూడానా? ఏమి దౌర్జన్యం పీర్ సాబ్!" అన్నాడు నాన్న.

"నా పొలంలో తిరుగుతాది. ఏం తినిందో, ఎవర్ని కొరికిందో నాకు తెలియాల. జాగీరన్నాక అదుపుండాల!"

ఆ పెద్దక్క తల్లి మద్దమ్మ మా ఎదురింట్లోనే పనిచేసేది. ఏడాదిన్నర పిల్లను తన తండ్రి చిన్నపుల్లయ్య దగ్గర వదిలి వచ్చింది. ఆ ఇంటి యజమానురాలు ఆమెను చెత్త పారేయడానికి తప్ప గడప దాటనిచ్చేది కాదు. మా అమ్మ జైతున్‌బీ కనబడితే ఒకటే మాట: "అక్కా, నేను పొయ్యేసరికి నా బిడ్డ నన్ను మర్చిపోయుంటాది గదా?"

ఒక శుక్రవారం నేను చెత్త పారేయడానికి వెళ్ళాను. తొట్టి పక్కన ఖాళీ టమాటా పెట్టె మీద జాగీర్దారు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో మా టేప్‌రికార్డర్. ఎదురుగా చెత్తబుట్టతో మద్దమ్మ. టేపులోంచి చిన్న గొంతు: "హాజరు! సంగటి తింటి. మేకను కొరికినా."

మద్దమ్మ మూడుసార్లు వేయించుకుని వింది. మూడుసార్లూ నవ్వింది.

"నీ కూతురికి నేనంటే లెక్కలేదు. నువ్వే బెదిరించు," అని ఆయన రికార్డు చేసే ఎర్రమీట నొక్కాడు.

"జాగీర్దారు హుకుం!" అంది మద్దమ్మ. "తలకు నూనె పెట్టించుకో తల్లీ. మేకను కొరకొద్దు."

ఆమె వెళ్ళాక మెల్లగా అడిగాను: "పద్నాలుగిళ్ళ హాజరూ ఇందుకేనా మామూ?"

"ఉష్! ఒక్కింటినే అడిగితే అది ఉపకారమైతాది, ఆ యమ్మ మొగమాటపడతాది. అందరినీ అడిగితే పెత్తనం. పెత్తనానికి మొగమాటమెందుకు? మీ నాయనకు చెప్పబాక, పరువు పోతాది."

ఆ తర్వాత ప్రతి క్యాసెట్‌లోనూ పెద్దక్కకు జాగీర్దారు హుకుం మద్దమ్మ గొంతులోనే వెళ్ళింది. ఎనభై అయిదులో మద్దమ్మ సెలవు మీద ఊరెళ్ళింది. ఆమె బస్సు దిగగానే పెద్దక్క తాత పంచె వెనక దాక్కుందట. "తల్లీ, నేనే," అన్న గొంతు వినగానే బయటికి దూకి, తల్లి నడుము కరుచుకుని, ఊరంతా వినబడేలా అరిచిందట.

"తాతా! జాగీర్దారొచ్చింది!"

ఈ కబురు వినగానే పీర్ సాహెబ్ మీసం తడుముకున్నాడు. "జాగీరు చెయ్యి జారింది ఖాజా," అన్నాడు, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ.

ఆ తర్వాతా ఆయన వఫ్రాలోనే ఉన్నాడు. కళ్ళజోడొచ్చినా, తెల్లవారగానే తూర్పుకు తిరిగి కేకలెయ్యడం మాత్రం మానలేదు.